కాశితుంబకు పత్తి సేద్యం

కోయంబత్తూరు
12-6-1968

పూజ్యులైన అయ్యసామి మామకు వాసుకి నమస్కారాలు.

ఇరవై ఏళ్ళలో మీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చింపేశాను. చివరికి, మొక్కల సంగతైతే మీరు జవాబిస్తారనిపించింది.

మిద్దెమీద పది తొట్లలో కాశితుంబ వేశాను. షాపులో కొన్న విత్తనాలే. జానెడు ఎత్తు పెరిగాయి. మా ఇంటి వెనకే మిల్లు. నూలు వడికే షెడ్డులోంచి వేడి ఆవిరిగాలి పొద్దంతా ఇటే కొడుతుంది. మధ్యాహ్నానికి మొక్కలు తలలు వాల్చేస్తాయి. నీళ్ళెంత పోయాలి, ఎరువెంత వేయాలి? కాలేజీలో చరిత్ర చెప్పుకునే నాకు రాజుల ఆకలిదప్పులు తెలుసు గానీ మొక్కలవి తెలియవు.

అళగిరిసామి బావను చేసుకోనన్న రోజున అత్త, ‘దాని గొంతు ఇక నా చెవిన పడకూడదు’ అన్నదట. ఉత్తరానికి గొంతు ఉండదు కదా అని రాస్తున్నాను.

మీ మేనకోడలు
వాసుకి

తా.క.: ఈ సంగతి అత్తకు చెప్పకండి. చెప్పినా ఫరవాలేదు. మీ ఇష్టం.


తిరుమంగళం తాలూకా
20-6-1968

చిరంజీవి వాసుకికి మామ అయ్యసామి ఆశీర్వాదం.

నీ కాగితం వచ్చింది. బాగుండాము. నలభై ఏండ్లు నల్లరేగడిలో పత్తి పండించినవాణ్ణి, పూలచెట్టుకు నీళ్ళు పోసేది తెలియదా? ఎనిమిది దినాలకు ఒక తడి చాలు. ఎక్కువ పోస్తే వేరు సోమరిదైపోతుంది. ఎరువంటావా, నూనె తీసినాక మిగిలే వేరుశెనగ పుణ్ణాక్కు పొడిచేసి తొట్టికి రెండు పిడికిళ్ళు వెయ్యి.

ఇట్లు
మీ మామ

తా.క.: మీ అత్తకు చెప్పలేదు. కాగితం కొంచెం పెద్దగా చదివినాను, అంతే. షాపు విత్తనమైతే ఆ షాపువాణ్ణే అడగాల అని ఇంట్లో ఒకరు అన్నారు.


కోయంబత్తూరు
9-7-1968

మామకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఆగాను. ఆరో రోజుకు మూడు తొట్లలో మొక్కలు పడుకున్నాయి, మళ్ళీ లేవలేదు. నా తొట్లలో ఉన్నది ఎర్రమట్టి, ఇసుక. భయపడి పూటకు రెండు చెంబులు పోశాను. పుణ్ణాక్కు వేసిన తొట్ల నిండా చీమలు, వాసన. ఇంకో రెండు మొదళ్ళు కుళ్ళి పోయాయి. మిగిలిన అయిదూ ఆకులు ఏపుగా వేశాయి గానీ మొగ్గ లేదు. ఆకులమీద తెల్లటి నూగు చూసి తెగులనుకుని రెండు రోజులు అన్నం సహించలేదు. ఈ ఊళ్ళోనే ఉంటున్న బావ భార్య జోతిమణి వచ్చి ఉఫ్ మని ఊదింది. మిల్లు దూది.

మామా, నామీద ఇంకా కోపముండి తప్పు చెప్పారా? అడగకూడదేమో. అడిగేశాను.

వాసుకి

తా.క.: పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే ఇంకా పట్టిపట్టి చదువుతారని వదిలేశాను.


తిరుమంగళం తాలూకా
18-7-1968

వాసుకికి మామ ఆశీర్వాదం.

నీ కాగితం చూసి రెండు దినాలు కాఫీ ముట్టలేదు. మేనకోడలి చెట్టును చంపేంత పగ నాకెందుకు తాయీ? ఎర్రమట్టి అని ముందే చెప్పినావా? ఇంత చదివి మట్టి రంగు రాయడం మరిచినావు. నల్లరేగడి ఒకసారి తాగితే పది దినాలు దాచుకుంటుంది. ఎర్రమట్టి చేతిలో నీళ్ళు నిలుస్తాయా?

మీ మామ

తా.క.: ‘ఆకుమీద కాదు, మొదట్లో పొయ్యమను. తెల్లవారి ఒక చెంబు. మధ్యాహ్నం తలవాల్చితే బెదరొద్దు. సాయంత్రానికి తలెత్తితే వదిలెయ్యి, ఎత్తకపోతే ఇంకొక చెంబు. పుణ్ణాక్కు మూడు దినాలు నానబెట్టి, తేటకు పదింతల నీళ్ళు కలిపి, పదైదు దినాలకొకసారి. మేత ఎక్కువైతే ఆకే వేస్తుంది, ఆ ఊదారంగు మీద తెల్లచుక్కల పువ్వు రాదు.’ ఇది నేను చెప్పలేదు. పొయ్యి దగ్గర నుంచి వినిపించింది, రాసినాను. షాపులో అంత మంచి విత్తనం అమ్ముతారా అని కూడా వినిపించింది.


కోయంబత్తూరు
10-9-1968

మామకు నమస్కారాలు.

అయిదూ పూశాయి. ఊదారంగు మీద తెల్లచుక్కలే. ఒక్క మొగ్గయినా వేయకముందే ఆ రంగు పొయ్యి దగ్గరికి ఎలా తెలిసింది?

అబద్ధం చెప్పాను మామా. అవి షాపువి కావు. అత్తకు తెలియకుండా మీ పెరట్లోంచి తెచ్చానంటూ జోతిమణి ఓ పాత గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. ఆ పిల్లకు తిట్లు పడతాయని దాచాను. కాదేమో, అత్త వెనక్కి అడుగుతుందని భయపడ్డానేమో. నాకే సరిగ్గా తెలియదు. ఇది ఒక్క కారు బతికే మొక్క. కార్తీకానికి ఉండదు. ఉన్నప్పుడే అత్త ఒక్కసారి చూస్తే బాగుండును.

వాసుకి

తా.క.: కాయ తాకితే చాలు, పగిలి విత్తనాలు ఎగిరిపోతున్నాయి. ఎలా పట్టుకోవాలి? పొయ్యి దగ్గర ఎవరైనా ఉంటే అడగండి.


తిరుమంగళం తాలూకా
16-9-1968

వాసుకికి అత్త వళ్ళియమ్మాళ్ చెప్పేది. రాసేది మీ మామ.

మాట్లాడనన్నాను, మాట్లాడలేదు. నేను చెప్తా ఉండాను, ఆయన రాస్తా ఉండారు, అంతే.

జోతిమణి దొంగతనం చేసిందా? దానికి గట్టిగా ముడి వెయ్యడమే రాదు. ఆ మూటకు ముడిమీద ముడి ఎవరు వేసినారనుకున్నావు? నా పేరు చెప్పొద్దంటే ఆ పిచ్చిది దొంగనని చెప్పుకొనింది. అది పాత గుడ్డ కాదు, చిన్నప్పుడు నువ్వు ముక్కు తుడుచుకున్న నా చీర కొంగు. చూస్తేనే తెలుసుకుంటావనుకుంటిని. నువ్వు షాపు అని రాసినావు. ఆ కోపానికి మూడు నెలలుగా మీ మామకు చప్పిడి కూరే. పాపం, ఎందుకని ఆయనకూ తెలియదు.

కాయ పసుపు తిరిగేటప్పుడు గుప్పిట్లో మూసి పట్టుకో, అప్పుడు తుంచు. పగిలినా నీ చేతిలోనే పగులుతుంది. నీకు ఒక్కదానికి చేతకాదు. శుక్రవారం పొద్దుటి బస్సుకు వస్తాను. అంతవరకు కాయల జోలికి పోవద్దు.

వళ్ళియమ్మాళ్

తా.క.: ఇది మీ మామ సొంత మాట. ఇరవై ఏండ్లు చుక్క నీళ్ళు పోయకపోయినా బతికే చెట్టు ఒకటి ఉండాదని ఈ దినమే చూసినాను. అది రాయొద్దని పొయ్యి దగ్గర నుంచి వినిపించింది. రాసినాను.