షట్టర్లు దించిన రోజు

ఖైరవాన్,
ఆదివారం.

నా కళ్ళవెలుగు ఉమైమాకు, నాన్న సలాములు, దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. 'క్షేమం' అని రాయబోయి ఆగాను. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

మీ బడికి నీళ్ళబండి సరిగా వస్తోందా? పోయిన ఉత్తరంలో, "నాన్నా, ఈ ఏడైనా పన్ను కట్టావా? నా జీతం ఆకాశం నుంచి రాలదు" అని రాశావు. పక్క దుకాణం ఖమీస్‌కి చదివి వినిపించాను. "పంతులమ్మ మనకీ పాఠాలు మొదలెట్టిందిరోయ్!" అన్నాడు. మిరపకాయల బస్తాల మధ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలని ఉంది.

ఫోనులో అమ్మ మాట ముద్దముద్దగా ఉందేమని అడిగావు. పంటినొప్పి అన్నాను. అబద్ధం తల్లీ.

మన సందు సంగతి నీకు తెలిసిందే. పన్నుల అధికారి అడుగు పెడితే చాలు, మొదటి దుకాణంవాడు "గాలి లేచింది!" అని కేకేస్తాడు. కేక వెంట షట్టర్లు దడదడా దిగుతాయి. ఎవరి పేరు అడిగినా "వాడా? చచ్చి చాలా కాలమైంది" అంటాం. ఈ తెలివి నాదేనని దుకాణదారుల సంఘం పెద్ద సీ లతీఫ్ పదిమందిలో పొగుడుతుంటే నేను మీసం దువ్వుకునేవాణ్ణి.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అమ్మ దుకాణానికి భోజనం తెచ్చి, కుస్కుస్ గిన్నె దించుతూనే కూలబడింది. మూతి ఒక పక్కకు వంగిపోయింది. ఆంబులెన్సుకి ఫోన్ చేశాను. "ఉన్నది ఒక్క బండి. రెండోది బాగుచేయించే డబ్బుల్లేక షెడ్డులో పడుంది. గంట పట్టొచ్చు" అన్నారు. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అంతలోనే కేక. షట్టర్ల చప్పుడు ఒక్కొక్కటే దగ్గరికొస్తోంది. ఉమైమా, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నేనూ లేచి షట్టరు లాగేశాను. అంత తొందరగా బండి వస్తుందని నాకు తట్టనే లేదు. అమ్మ మూలుగుతుంటే "ష్, వాడు వెళ్ళిపోతాడులే" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

బయట అడుగులు ఆగాయి. "తిజాని దుకాణం ఏదండీ? తొందరగా చెప్పండి!" అంటూ ఎవరో రొప్పుతున్నారు.

"తిజానీయా? చచ్చి చాలా కాలమైంది బాబూ" అన్నాడు, లోపలి సంగతి తెలియని ఖమీస్.

అడుగులు వెనక్కి మళ్ళాయి. మీ అమ్మ నా చెయ్యి తోసేసి, ఎడంచేత్తో గిన్నె అందుకుని షట్టరుకేసి కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొట్టింది.

"లోపలున్నారా? ఆంబులెన్సండీ!"

అదీ జరిగింది. నీలం యూనిఫారం, చేతిలో సంచీ చూసి సర్కారువాడని కేకేశారు. సర్కారువాడే మరి! ఆసుపత్రిలో పక్షవాతమన్నారు. "కాస్త ముందు తెచ్చుంటేనా" అంది డాక్టరమ్మ. ఇంటికి తెచ్చాం గానీ, కుడిచెయ్యి లేవడం లేదు. మందు ఎక్కించేటప్పుడు అక్కడెవరూ నన్ను "పన్ను కట్టావా?" అని అడగలేదు. ఆ సిగ్గు నన్ను తినేస్తోంది.

మొన్న పన్నుల ఆఫీసుకి వెళ్ళి నా అమ్మకాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పేశాను. తెల్లారేసరికి సందంతా తెలిసిపోయింది. ఇవాళ సీ లతీఫ్ ఇంటికొచ్చాడు.

"నీ ఒక్కడివల్ల అందరి బతుకూ బజారున పడుతోంది. రేపు అధికారి వస్తున్నాడు. షట్టరు దించావా సరే. లేదా, ఈ సందులో నీకు నిప్పూ నీళ్ళూ బంద్."

"మా ఆవిడ నోరు నొక్కిన చెయ్యి ఇది. ఇక ఆ షట్టరు ముట్టుకోదు" అన్నాను. ఆయన గుమ్మంలోనే ఉమ్మేసి పోయాడు. ఖమీస్ నా మొహం చూడ్డం మానేశాడు. రేపు ఒక్క బేరమైనా వస్తుందో రాదో తెలియదు. భయంగానే ఉంది తల్లీ.

అన్నీ విన్న మీ అమ్మ మంచం మీంచి అడిగింది: "రేపు కేక వినపడితే నీ చెయ్యి ఊరుకుంటుందా?"

ఊరుకుంటుందన్నాను. మీ అమ్మ నమ్మలేదు.

"కుర్చీ తీసుకెళ్ళి సరిగ్గా షట్టరు కింద వెయ్యి. నన్ను అందులో కూర్చోబెట్టు. దించాలనిపిస్తే నా నెత్తిమీద దించుదువుగాని" అంది.

ఇట్లు,
పొద్దున్నే మీ అమ్మను ఎత్తుకుని సందులోకి నడవబోతున్న
మీ నాన్న,
తిజాని