సొరంగంలో ఆగిన బండి

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జగదల్‌పూర్‌లో మన మోడల్ రైళ్ల క్లబ్బు కూడింది. ముందుగా నీ బండినే నడిపాం. నువ్వు ప్లాస్టర్‌తో చేసిన కొండ సొరంగంలోకి అది దూరింది. బయటికి వచ్చేదాకా ఎవరూ మాట్లాడకూడదన్నది నువ్వు పెట్టిన నియమమే కదా, అందరం నోరు మూసుకుని నిలబడ్డాం. బండి రాలేదు. టీలు చల్లారిపోయాయి.

చెయ్యి దూర్చడానికి వెనకవైపు కంత వదలమని ఆనాడే నిన్ను బతిమాలాను. "నా బండి పట్టాలు తప్పుతదా ఏంది?" అంటూ మొత్తం మూసేశావు. ఇప్పుడు కొండ పగలగొడితే తప్ప అది బయటికి రాదు. సైకిల్ షాపు శుక్లా మాట్లాడకుండానే సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ప్లాస్టర్ నిండా నీ వేళ్ల అచ్చులే.

సుత్తి బల్ల కింద పెట్టేశాను. ఇళ్లకు వెళ్లేటప్పుడు కూడా ఎవరూ మాట్లాడలేదు.