సాంచాల కంటే ముందు

చెల్లె బాలలక్ష్మికి అక్క దీవెనలు.

మొన్న పొద్దున కరెంటు పోయి బట్ట నేసే కరెంటు మగ్గాలు, మన ఇంటి సాంచాలు, ఆగినయి. తమ్ముడు లక్ష్మీరాజం ఛాతి పట్టుకొని వచ్చి, "సాంచా ఆగినా చెవులల్ల చప్పుడు ఆగుతలేదక్కా" అన్నడు. గుండె మంచిగనే ఉన్నదని, ఫికరే, దిగులే రోగమని డాక్టరు ముందే చెప్పిండు. నేను వాణ్ణి దేవుని ముందట కూసోబెట్టి, కండ్లు మూసుకొని ఓంకారం పొడుగ్గ అనుమన్న. "నన్ను తుమ్మెదను చేస్తున్నవా?" అని నవ్విండు గాని, ఓంకారం అన్నడు. మెల్లగ ఛాతి మీది చెయ్యి ఒళ్లోకి దిగింది.

అంతల్నే కరెంటు వచ్చింది. చప్పుడుకే మనిషి పాడైండని, సాంచాలు అమ్ముదామని రోజూ పోరే మరదలు సత్తమ్మ మీట వెయ్యలే. కూలి పైసలు పోతున్నా వాడు దేవుని ముందటి నుంచి లేచేదాక ఆగింది.

సాయంత్రం అందరం కూసొని అనుకున్నం. వాని నెమ్మది చూసి సత్తమ్మ కూడా ఒప్పుకున్నది, సాంచాలు అమ్మేది లేదు. కరెంటున్నా సరే, పొద్దున తమ్ముని ఓంకారం అయినంకనే మీట వేసేది.