పండుకోనుండే ఆంజనేయస్వామి

అర్చన మేడమ్ గారికి, ఆళ్లగడ్డ నుంచి కామాక్షి నాయన నమస్కారం చేసి రాసేది.

నంద్యాలలో మీ ఇంగ్లీషు క్లాసులో పెద్ద పట్నాల్లో పేరున్న వాటి గురించి రాయమన్నారంట. టవరింగ్, మెజెస్టిక్ లాంటి మాటలు వాడమన్నారంట. మా పాప బెంగుళూరులో ఉండే ముప్పై అడుగుల ఆంజనేయస్వామి గురించి రాసింది. స్వామి వెల్లకిలా పండుకోనుంటాడని, మధ్యాహ్నమైతే ఎదురొమ్ము కాలుతుందని రాసింది. మీరు ఎర్ర ఇంకుతో కొట్టేసి, చూడకుండా రాయొద్దన్నారు.

పాప చూసే రాసింది మేడమ్. ఆ విగ్రహాన్ని మా షెడ్డులోనే పదకొండు నెలలు పండుకోబెట్టి చెక్కినాం. పాప నాకు క్యారియర్ తెచ్చి, నేను తినేదాకా ఆ విగ్రహం మీదనే కూర్చునేది. పని అయినాక లారీ మీద అట్లే పండుకోబెట్టి తీసకపోయినారు. ఆడ నిలబెట్టేటప్పుడు మమ్మల్ని పిలవలేదు.

మార్కులు మార్చమని అడగడం లేదు. మీరు బెంగుళూరులో చదువుకున్నారని పాప చెప్పింది. ఆ దోవలో ఎప్పుడన్నా పోయింటే, స్వామి నిలబడితే ఎట్లున్నాడో పాప నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాయండి. తెలుగులోనే రాయండి.

పాదాలు చెక్కింది నేను. అవి నేలకు సరిగా ఆనినాయో లేదో చూసినోళ్లే చెప్పాల.