మింగేసిన రెండక్షరాలు

చిరంజీవి చిట్టికి, అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా అని రాస్తేగాని ఉత్తరం మొదలైనట్టుండదు కాబట్టి రాస్తున్నాను. మీ నాన్న కులాసాగానే ఉన్నారు. రేడియోలో వార్తలు చదివేవాడితో రోజూ వాదిస్తున్నారు, రోజూ ఆయనే గెలుస్తున్నారు. నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు మొరాయిస్తుంది, దిగేటప్పుడు బుద్ధిగానే ఉంటుంది. మిగతా నా కులాసా ఏపాటిదో ఈ ఉత్తరం కడదాకా చదివాక నువ్వే తేల్చుకో. ఫోనులో చెప్పొచ్చు. కానీ నువ్వు మధ్యలో "పోనీలే అమ్మా" అంటావు. ఆ మాట వినే అర్హత ఇప్పుడు నాకు లేదు.

స్కూలు పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడిగావు. ఆగిపోయింది. పాతికేళ్ళ చరిత్ర రెండు భాషల్లో రాసిపెట్టమని పెద్ద మేడమ్ అడిగినప్పుడు గంతేసి ఒప్పుకున్నాను. మొదటి ముప్ఫై పేజీలు నల్లేరు మీద బండి నడకలా సాగాయి. మూతబడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పదకొండు మంది పిల్లలతో మొదలవడం, వాన పడితే గోడల్లోంచి తీపి వాసన వచ్చి పిల్లలకు పదింటికే ఆకలి పుట్టడం, గదికి రెండు బోర్డులు, పొద్దున పూట తెలుగు, మధ్యాహ్నం ఇంగ్లీషు. పన్నెండున్నరకు కొట్టే గంటను మీరంతా 'నాలుక గంట' అనేవాళ్ళు. తెలుగులో మొదలెట్టిన తగువును గంట కొట్టాక ఇంగ్లీషులో పూర్తి చేయాలి. సగంలో మాటలు చాలక రాజీ పడిపోయేవాళ్ళు. తర్వాత పది దేశాల పిల్లలొచ్చి చేరారు. ఏ దేశం పిల్లాడైనా మెట్ల మీద జారిపడితే మాత్రం "అమ్మో" అనే అరిచేవాడు. ఇవన్నీ రాస్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

ముప్ఫై ఒకటో పేజీలో నా గది గురించి రాయాల్సి వచ్చింది. మెట్ల కింది గది, నీకు తెలుసు కదా, తల వంచకుండా లేస్తే బొప్పి కట్టేది. పెద్ద మేడమ్ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమె మార్కుల కాగితం చేత్తో పట్టుకుని, చదివిపెట్టే వాళ్ళకోసం గడప గడపా తిరిగేవాడట. ఏ తండ్రీ తన బిడ్డ గురించి రాసింది ఇంకొకరి చేత చదివించుకోకూడదని ఆమె పట్టుదల. అందుకే ఇంటికి వెళ్ళే ప్రతి కాగితం మీదా ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు. ఆ కుడి పక్క నాది. డ్రిల్లు మాస్టారు నన్ను 'రెండు నాలుకలమ్మ' అని పిలిచేవారు. అందరం నవ్వేవాళ్ళం. ఆ పేరు నాకు ఎంత బాగా అతికిందో ఆయనకు తెలియదు.

నువ్వు అక్కడ ఆస్పత్రిలో డాక్టర్ల మాట రోగులకూ, రోగుల మాట డాక్టర్లకూ తర్జుమా చేసే పనిలో చేరి, "మా అమ్మను చూసే నేర్చుకున్నానని అందరికీ చెప్పాను" అని రాశావు. ఆ వాక్యం చదివి కాగితం మడిచేశాను. మీ నాన్న "ఏం రాసిందోయ్?" అంటే "మామూలే" అన్నాను.

నీ బెంచీ నేస్తం బుంగి వార్షికోత్సవానికి వస్తుందా అని కూడా అడిగావు. చిన్నప్పుడు అలిగితే మూతి బుంగలా పెట్టేదని నువ్వు పెట్టిన పేరే ఇప్పటికీ అందరి నోటా ఉంది. పక్క గేటు ఎదురుగా వాళ్ళ నాన్న టైలరు దుకాణం అలాగే ఉంది. బుంగి ఇప్పుడు అందులో కటింగు చేస్తోంది. కత్తెర పడితే తండ్రిని మించిందట. కుడి చెవికి మిషను పెట్టుకుంటుంది. ఎడమ చెవి సంగతి నీకు తెలుసు.

పది రోజుల క్రితం టైలరు మామయ్య స్టేజీ తెర కుట్టి తెచ్చాడు. ఇచ్చేసి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. పాత కొలతల పుస్తకం అట్ట ఊడితే దాని వెనక దొరికిందట.

"చెల్లెమ్మా, ఇది మా బుంగి నాలుగో తరగతి కాగితం. ఇందులో దానికి వినపడదన్న మాట నాకు కనపడలేదు. నేను సరిగ్గా చదువుతున్నానా? అమ్మాయికి ఇంకా చూపించలేదు. ముందు నువ్వు చదివి చెప్పు. నా చదువు మీద నాకు నమ్మకం లేదు కదా."

నిజమే చిట్టీ. ఆయన ఏ కాగితం వచ్చినా ఎవరో ఒకరి చేత చదివించుకుంటాడు. గోడ మీది ప్రకటన కూడా పక్క దుకాణం వాళ్ళను అడుగుతాడు. ఒకప్పుడు అలా ఉండేవాడు కాదు. మొదటిసారి స్కూలు కాగితం తెలుగులో అందుకున్నప్పుడు దుకాణంలో ఉన్న వాళ్ళందరికీ తానే గట్టిగా చదివి వినిపించాడు.

నేనేమన్నానో తెలుసా? "కళ్ళద్దాలు మర్చిపోయాను అన్నయ్యా, తర్వాత చూస్తాను" అన్నాను. కళ్ళద్దాలు నా నెత్తి మీదే ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు నేను పక్క గేటు వైపు పోలేదు. చుట్టూ తిరిగి పెద్ద గేటులోంచి వచ్చాను, ఈ మోకాలితో.

ఇక అసలు సంగతి చెబుతాను. చదవడం ఆపకు.

మీ నాలుగో తరగతి, మొదటి మూడు నెలల రిపోర్టులు. మీ క్లాసు టీచరమ్మ ఇంగ్లీషులో రాసింది, ఈ అమ్మాయికి చెప్పిన మాట వినపడడం లేదు, వెంటనే చూపించండి అని. రెండు రోజుల్లో ఎనభై కాగితాలు పూర్తి చేయాలి. నేను తెలుగులో ఇలా రాశాను: 'మీ అమ్మాయి మాట వినడం లేదు. వెంటనే తగిన శ్రద్ధ తీసుకోగలరు.' 'వినపడడం'లో 'పడ' అన్న రెండక్షరాలు మింగేశాను. రాసింది మళ్ళీ చదివినా పట్టుకోలేకపోయాను. మన భాషలో అంతకన్నా మామూలు వాక్యం ఉంటుందా? ప్రతి ఇంట్లోనూ రోజుకు పదిసార్లు అనుకునే మాటే.

టైలరు మామయ్య శ్రద్ధ తీసుకున్నాడు. అంతవరకు పిల్ల మీద చెయ్యెత్తని మనిషి, బట్ట కొలిచే చెక్క స్కేలుతో కొట్టాడు. పిలిస్తే పలకనప్పుడల్లా కొట్టాడు. బుంగి చేతుల మీద వాతలు నువ్వే నాకు చూపించావు.

ఇంతవరకు అయితే పొరపాటు. పొరపాటు కాబట్టి చెప్పుకోగలను. ఆ తర్వాతది చెప్పుకోలేకే పందొమ్మిదేళ్ళు గడిపాను.

నీకు గుర్తుందా, అన్నం తింటూ నాతో అన్నావు, "అమ్మా, బుంగి మాట వినకపోవడం కాదే, దానికి వినపడదు. నేను పరీక్ష పెట్టాను. ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకదు, కుడి పక్కనుంచి పిలిస్తే పలుకుతుంది" అని. తొమ్మిదేళ్ళ పిల్లవి. మర్నాడు వెళ్ళి ఫైలు తెరిచి చూశాను. ఎడమ పక్క ఇంగ్లీషూ కుడి పక్క తెలుగూ చూడగానే అర్థమైంది. చూసి, ఫైలు మూసేశాను.

ఆ వారమే పెద్ద మేడమ్ మీటింగులో నన్ను లేపి నిలబెట్టి, ఆరేళ్ళలో ఒక్క తప్పు పోలేదని చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు పోతాయని భయపడ్డాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏమైనా ఉందేమోనని ఇన్నేళ్ళూ వెతుక్కున్నాను, దొరకలేదు. టీచరమ్మే నోటితో చెబుతుందిలే అనుకున్నాను, వచ్చే రిపోర్టులో సరిగ్గా రాస్తాలే అనుకున్నాను. నువ్వు మాత్రం ఊరుకోలేదు, రోజూ అదే మాట. అందుకని మీ టీచరమ్మతో "మా అమ్మాయి కబుర్లు ఎక్కువ చెబుతోంది, ఆ బెంచీ మార్చండి" అన్నది నేనే. ఎందుకు మార్చారో ఇప్పటికీ తెలియదని పోయిన ఉత్తరంలో రాశావు. ఇందుకు. నీ నోరు మూయించడానికి.

రెండో రిపోర్టులో చెవులు పరీక్ష చేయించమని స్పష్టంగా రాశాను. కాగితం అందిన మర్నాడే మామయ్య దుకాణం మూసి పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మూడు నెలల ముందు తెచ్చి ఉంటే ఎడమ చెవి దక్కేదన్నారు డాక్టరు. మొదటిసారే రాశానని టీచరమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. పెద్ద మేడమ్ ఫైలు తెమ్మన్నారు. తెచ్చేముందు కంప్యూటరులో ఆ రెండక్షరాలు చేర్చి, కొత్త కాగితం అచ్చు తీసి ఫైల్లో పెట్టి, పాతది చింపేశాను. ఇంటికి వెళ్ళిన కాగితం ఎక్కడ పెట్టాడో మామయ్యకు గుర్తు రాలేదు. ఫైల్లో కాగితం చూపిస్తే వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "అవునండీ, 'వినపడడం' అనే ఉంది. నేనే రెండక్షరాలు మింగేసి చదువుకున్నట్టున్నాను. అంతంత మాత్రపు చదువు కదా" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూసి సిగ్గుతో తల దించుకున్నాడు. ఆయన నా ముందు!

నిన్న మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. మామయ్య కాజాలు కుడుతున్నాడు. బుంగి బట్ట పరిచి సుద్దముక్కతో గీస్తోంది. "ఆ కాగితం ఇలా ఇవ్వు అన్నయ్యా" అని, కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు పక్కలా ఉన్నది చదివాను. తర్వాత నేను చేసినదంతా చెప్పాను, నీకు రాసినట్టే. కాగితం వైపే చూస్తూ చెప్పాను.

బుంగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అత్తయ్యా, తల వంచుకుని మాట్లాడితే నాకు అందదు. నా వైపు చూసి మళ్ళీ చెప్పండి. మీ మొహం కనపడాలి" అంది.

మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను, దాని కళ్ళలోకి చూస్తూ. అది నా పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

మామయ్య కాగితం చేతిలోకి తీసుకున్నాడు. వేలు పెట్టకుండా ఆ వాక్యం గడగడా చదివాడు. "అయితే నేను సరిగ్గానే చదివానన్న మాట" అన్నాడు. మొహం వెలిగింది చిట్టీ. "సరిగ్గానే చదివానే!" అని కూతురి వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు అలా ఉండగానే ఆయనకు తట్టింది. "సరిగ్గా చదివే కొట్టాను" అన్నాడు. కుడుతున్న చొక్కా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చొక్కా దించకుండానే, "నువ్వెళ్ళమ్మా" అన్నాడు. చెల్లెమ్మా అనలేదు.

ఇవాళ పొద్దున పెద్ద మేడమ్‌కు చెప్పాను. చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని అంతా విన్నారు. ఇక పుస్తకం వేరేవాళ్ళకు ఇవ్వండి అన్నాను. "ఇదీ స్కూలు చరిత్రే. ముప్ఫై ఒకటో పేజీ నువ్వే రాయి. తెలుగే ముందు రాయి, బుంగి నాన్న చదవాలి. ఆ తర్వాత గది తాళం ఇచ్చేసి వెళ్ళు" అన్నారు. రాస్తాను. మీ నాన్నకూ చెప్పాను. రేడియో కట్టేశారు, ఇవాళ వార్తలవాడితో వాదన లేదు.

నేను దుకాణం మెట్లు దిగుతుంటే బుంగి వెనకే వచ్చింది. "చిట్టి మీకు చెప్పిందా అత్తయ్యా, నాకు వినపడదని?" అని అడిగింది. చెప్పిందన్నాను. "ఎన్నిసార్లు?" అంది. లెక్క లేదన్నాను. "నా మీద కోపమొచ్చి బెంచీ మారిపోయిందనుకున్నాను. అది నాతో మాట్లాడాలని వస్తే మొహం తిప్పుకునేదాన్ని" అంది. నీ చిరునామా అడిగింది, రాసిచ్చాను. ఒకటికి రెండుసార్లు చూసుకుని, అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకున్నాకే ఇచ్చాను.

ఉత్తరం వస్తే వెంటనే జవాబు రాయి. అందులో నా గురించి అది ఏం రాసినా, అమ్మ కదా అని నన్ను వెనకేసుకురాకు.

ఇట్లు,
నీ జవాబు వచ్చినా రాకపోయినా నీకు
అమ్మ