మోగని పెంకులు

జూన్ 9

మా ఆవిడ పోయిన రోజు గురించి ఇంతవరకు రాయలేదు. రాసేస్తాను.

పోయిన నెల చివరి మంగళవారం. పొద్దున రెండు చెంచాల పాలు తాగింది. నర్సు బీపీ చూస్తుంటే మంచం పక్క ఆసుపత్రి గోడను వేలి కణుపుతో కొట్టి, లోపలంతా డొల్ల, కాంట్రాక్టరు బాగానే తిన్నాడు అంది. నర్సు నవ్వింది. మధ్యాహ్నం మ్యూజియం సంగతి అడిగింది. ఏది మానినా అక్కడ పిల్లలకు పెడదామనుకున్న ఆదివారం క్లాసు మానొద్దు, వాళ్ల చేతికి పెంకు ఇవ్వండి అంది. సరే అన్నాను. నాలుగూ పదికి పోయింది.

జూన్ 14

పెంకుల ఫ్యాక్టరీకి వెళ్లాను. మూతపడి ఇరవై ఏళ్లు. ఇప్పుడు మ్యూజియం చేస్తున్నారు. మా మామగారు అక్కడ చెకింగ్‌లో పనిచేశారు. పెంకును రెండు వేళ్లకు వేలాడదీసి కణుపుతో కొట్టేవారు. మంచిదైతే ఖంగుమంటుంది. కంటికి కనపడని బీట ఉంటే దబ్‌మంటుంది. ఆ విద్య ఆమెకు అబ్బింది. పెళ్లయిన కొత్తలో నాకు నేర్పబోయి, మీ చెవులు కళ్లజోడు పెట్టుకోవడానికే అని వదిలేసింది.

నాలుగేళ్లు ఇల్లిల్లూ తిరిగి రెండువందల నలభై పెంకులు పోగుచేసింది మ్యూజియం కోసం, ఆదివారాలు పిల్లలకు ఈ విద్య నేర్పడం కోసం.

గేటు దగ్గర బట్టీ తాత కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు బట్టీ కాల్చినవాడు. ఫ్యాక్టరీ వాళ్లందరికీ నేను ఇప్పటికీ అల్లుణ్ణే. అల్లుడుగారూ, చిక్కిపోయారేంటండీ అన్నాడు. క్లాసు ఎప్పుడు పెట్టినా తాను రెడీ అన్నాడు.

జూన్ 22

మ్యూజియం కమిటీ మీటింగ్. రెండు గంటలు. అందులో గంటన్నర శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలన్నదానికే సరిపోయింది. క్లాసు మాట ఎత్తాను. మాస్టారూ, మీ బాధ మాకు తెలీదా, ముందు బిల్డింగ్ కానివ్వండి అన్నారు చైర్మన్ గారు.

నా బాధ గురించి నేనేమీ అనలేదు.

జూన్ 23

అమ్మాయి ఫోన్ చేసింది. తిన్నావా నాన్నా అంది. తిన్నానన్నాను. తినలేదు.

జూలై 6, సాయంత్రం

మ్యూజియం సర్దడానికి కమిటీ పెట్టుకున్న కన్సల్టెంట్, ఆమె పోగుచేసిన పెంకులన్నిటినీ ప్లైవుడ్ గోడకు గమ్ముతో అతికించేశాడు. రంగుల వరసలో. పైన ‘తాకరాదు’ బోర్డు.

ఊడదీయగలరా అని అడిగాను. లైఫ్‌టైమ్ గమ్ సార్, ఏనుగు లాగినా రాదు అన్నాడు, గర్వంగా. కణుపుతో కొట్టాను. దబ్. పక్కది. దబ్. గోడకు అతుక్కున్న పెంకు మోగదు. గాల్లో వేలాడాలి.

బట్టీ తాత ఒక వరసంతా కొట్టి చూశాడు. చెయ్యి తుడుచుకుని, ఇన్ని పెంకులు ఒక్క రోజులో పాడుచేయడం మా ఫ్యాక్టరీలో ఏ తాగుబోతు వల్లా కాలేదండీ అన్నాడు.

కన్సల్టెంట్ దగ్గర దీనికీ సొల్యూషన్ ఉంది. బటన్ నొక్కితే స్పీకర్లో చప్పుడు వస్తుందట. వినిపించాడు. స్టీలు గ్లాసు కింద పడ్డట్టుంది. నెట్‌లో దొరికిందట.

జూలై 7

రాయడానికి ఏమీ లేదు, కోపం తప్ప.

జూలై 13

ఈ ఆదివారం ఓపెనింగ్. క్లాసు బదులు పిల్లలకు డ్రాయింగ్ పోటీ పెట్టారు. కావాలంటే మేడమ్ గారి ఫోటో పెద్దది కట్టిస్తాం అన్నారు చైర్మన్ గారు. ఫోటో వద్దు, ఒక బల్ల ఇవ్వండి చాలు అన్నాను. బల్ల సరే మాస్టారూ, కొట్టడానికి విడి పెంకులేవీ అన్నారు.

లేచి వచ్చేశాను.

జూలై 18, శనివారం

వాన. పెరట్లో బట్టలుతికే షెడ్డులోకి దూరాను. ఎందుకో తల ఎత్తి కప్పు చూశాను.

పెంకులు.

ఇల్లు కట్టినప్పుడు ఆమె ఒక్కొక్కటీ కొట్టి విన్నాకే మేస్త్రీకి అందించింది. అతను తల పట్టుకున్నాడు. అంతా అయ్యాక, ఒకే ఒక్క బీటపెంకు కావాలనే పెట్టించాను, ఏదో మీరే కనిపెట్టండి అంది నాతో. ముప్పై ఒక్క ఏళ్లు ఆ షెడ్డు కిందే పళ్లు తోముకున్నాను. కనిపెట్టలేదు.

ఈ పెంకులు దింపి క్లాసుకు పట్టుకెళ్తానని అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను. ఈ వయసులో నిచ్చెనెక్కుతావా, షెడ్డంతా తడిసిపోతుంది నాన్నా అంది. తడవనీ అన్నాను. బట్టీ తాతకూ చెప్పాను. బల్ల తను తెస్తానన్నాడు. లోపల ఒప్పుకోకపోతే గేటు బయట వేద్దాం, రోడ్డు వాళ్ల బాబుది కాదు కదండీ అన్నాడు.

అదే రోజు, సాయంత్రం ఆరు

వాన తగ్గింది. రేపు ఉదయం ఆరింటికి నిచ్చెన వేస్తాను. పెంకులు దింపుతాను. బండి ఎక్కించే ముందు ఒక్కొక్కటీ వేళ్లకు వేలాడదీసి కొడతాను, దబ్‌మనేది దొరికేదాకా.