పగలని అద్దం

మంగళవారం, రాత్రి

వన్ టౌన్‌లో పార్వతమ్మగారి పాత మేడకి ఈరోజు మళ్లీ వెళ్లాను. భూకంపం వస్తే అలాంటి ఇళ్లు నిలుస్తాయో లేదో చూడటమేగా ఇన్నేళ్లుగా నా ఉద్యోగం. కిందటేడు గోడ బీట మీద సన్నటి అద్దం ముక్క అతికించాను. బీట పెరిగితే అది పగలాలి. పగల్లేదు. హాయిగా 'భయం లేదు' అని రాసుకుంటున్నాను.

"కొత్తది బాగుందా తల్లీ?" అన్నారావిడ. "పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదు గదా. నానే మార్పించేను."

"ఎన్నిసార్లు?"

"మూడుమాట్లు. ఏటలా సూత్తన్నావు? అచ్చం నువ్వెట్టినలాటిదే ఏయించేను."

రేవుకెళ్లే లారీలు తప్ప ఈ ఏడాది ఆ నేలని కదిపిందేమీ లేదు. ఆ అదురుకే బీట మూడుసార్లు పెరిగింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. నవ్వి, టీ పెడతానన్నారు.

తప్పు ఆవిడది కాదు. పగిలితే ముట్టుకోవద్దని, నాకు ఫోన్ చెయ్యమని ఆ రోజు ఒక్క మాట చెప్పలేదు నేను. నా చదువు తగలెయ్య!

అదే వీధిలో ఇంకో పదకొండు ఇళ్లకి అద్దాలు అతికించాను. ఒక్కటీ పగల్లేదని పోయిన నెలే రిపోర్టు ఇచ్చేశాను.

పగిలిన అద్దాన్ని ఇంట్లో ఉంచుకునే మనిషి ఆ వీధిలో ఒక్కరైనా ఉన్నారా?